కొట్టిన మందు ఆకు తాగాలంటే: విశాఖ డాబా తోటకు పిచికారీ పద్ధతి

డాబా మీద మొక్కలు పెంచే వాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు తిప్పి తిప్పి రెండే. "మందు కొట్టి పది రోజులైంది, ఆకులో ఏ మార్పూ లేదు, ఎందుకని?" అన్నది ఒకటి. "మందు కొట్టిన రెండో రోజుకే ఆకు అంచులు మాడిపోయాయి, ఎందుకని?" అన్నది రెండోది. చాలామంది వీటిని వేరువేరు సమస్యలనుకుంటారు. మొదటివారు మందు మోతాదు పెంచుతారు, రెండోవారు మందు కొట్టడమే మానేస్తారు. నా అనుభవంలో మాత్రం ఎక్కువసార్లు ఈ రెండింటికీ కారణం ఒక్కటే: ఆకు మీద పడిన చుక్క మరీ తొందరగా ఆరిపోవడం. ఆరిన మందు లోపలికి పోదు. ఆరుతూ ఆరుతూ చిక్కబడిన మందు ఆకును కాలుస్తుంది. కాబట్టి ఈ పద్ధతిలో ప్రతి మెట్టూ చుక్కను పలుచగా పరిచి, ఎక్కువసేపు తడిగా ఉంచడం కోసమే.

ఇక్కడ మందు అంటే ప్రధానంగా పోషకాలు: యూరియా, 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాషియం మూడూ ఒక్కోటి 19 శాతం ఉన్న ఎరువు), ఇనుము, జింకు, మెగ్నీషియం, బోరాన్ లాంటివి. వేపనూనె లాంటి పురుగుమందుల లెక్క వేరు. వాటి గురించి మధ్యలో ఒకచోట చెబుతాను.

ముందు ఇంత తెలిస్తే చాలు

ఆకు పైన పలుచని మైనపు పొర ఉంటుంది. లోపలి నీరు ఎండకు ఆవిరైపోకుండా మొక్క కట్టుకున్న గోడ అది. లోపలి నీటిని ఆపే గోడ బయటి నీటినీ ఆపుతుంది. తామరాకు మీద నీటిబొట్టు అని సామెతగా అంటుంటాం కదా, మీ డాబా మీద చేమ, క్యాబేజీ, అరటి ఆకుల మీద జరిగేదీ అదే. నీళ్ళు ముత్యాల్లా దొర్లి కింద పడిపోతాయి.

అయితే ఈ గోడ పూర్తిగా మూసుకుపోయినది కాదు. అందులో కంటికి కనిపించని సన్నని దారులున్నాయి. తడి తగిలినప్పుడే అవి తెరుచుకుంటాయి, నీళ్ళలో కరిగి ఉన్న పదార్థమే వాటిలోంచి పోగలదు. ఆకు గాలి పీల్చే రంధ్రాల అంచుల వెంబడి కూడా కొంత లోపలికి దిగుతుంది. ఎక్కువ మొక్కల్లో ఆ రంధ్రాలు ఆకు అడుగునే ఎక్కువ. కాబట్టి అడుగు తడవకపోతే చాలా శ్రమ వృథా.

ఆకుల ద్వారా పోషకం లోపలికి పోతుందన్నది ఊహ కాదు. 1950ల్లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో విట్‌వర్, టుకీ అనే శాస్త్రవేత్తలు రేడియోధార్మిక గుర్తు ఉన్న పోషకాలను ఆకులకు అందించి, అవి మొక్క లోపల ఎటు ప్రయాణిస్తున్నాయో చూసి నిరూపించారు. కానీ అది చెప్పుకుని, వేరుకు ఎరువే అక్కర్లేదని ప్రచారం చేసేవాళ్ళను మాత్రం నమ్మకండి. ఒక చిన్న లెక్క చూడండి. లీటరుకు 5 గ్రాముల 19-19-19 కలిపి, ఒక కుండీ మొక్కకు 50 మి.లీ. కొట్టారనుకోండి. ఆ మొక్క మీద పడే ఎరువు పావు గ్రాము. అందులో నత్రజని 19 శాతం, అంటే 50 మిల్లీగ్రాములు కూడా లేదు. ఇది మొక్కకు భోజనం కాదు, అవసరానికి పట్టించే ఔషధం. ఇనుము, జింకు, బోరాన్ మొక్కకు ఎటూ చిటికెడే కావాలి కాబట్టి పిచికారీ వాటికి బాగా పనికొస్తుంది. భోజనం కుండీలోని పశువుల ఎరువు, వర్మికంపోస్టు నుంచే రావాలి.

కావలసినవి

1 నుంచి 2 లీటర్ల గాలి కొట్టే చేతి స్ప్రేయరు, నాజిల్ తిప్పితే సన్నని మంచులా రావాలి. గ్రాముల్లో తూచే చిన్న డిజిటల్ కాటా. మందుబాటిల్‌తో వచ్చే కొలత మూత లేదా సూది లేని సిరంజి. నాలుగు కుంకుడుకాయలు. పాత నూలు గుడ్డ. రంగుల డబ్బాతో వచ్చేలాంటి సన్నని కుంచె (దీని పని చివర్లో ఉంది, కొనడం మానకండి). ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు.

స్ప్రేయరు విషయంలో ఒక్క షరతు. గడ్డి మందు ఒక్కసారి పోసిన స్ప్రేయరును ఎన్నిసార్లు కడిగినా మొక్కలకు వాడకండి. పురుగుమందులకొకటి, పోషకాలకొకటి విడిగా పెట్టుకుని, మూత మీద పెయింటుతో గుర్తు వేసుకోండి.

కుండీ మొక్కలకు లీటరు నీటికి నేను వాడే పాళ్ళు ఇవి. పొలాలకు చెప్పే మోతాదు కొన్నిటికి ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. కుండీలో వేరుకు చోటు తక్కువ, డాబా మీద వేడి ఎక్కువ, అందుకే తగ్గించాను.

- యూరియా: 5 గ్రాములు. నిమ్మ, నారింజ, బత్తాయి మొక్కలకు మామూలు యూరియా ఆకుల మీద కొట్టకండి. అందులో కొద్దిగా ఉండే బైయూరెట్ అనే పదార్థం ఆ జాతి ఆకుల చివర్లను పసుపుపచ్చగా చేస్తుంది.
- 19-19-19: 3 నుంచి 5 గ్రాములు. పూత మీదున్న మొక్కకు దీని బదులు 13-0-45, 5 గ్రాములు.
- మెగ్నీషియం సల్ఫేట్, అంటే ఎప్సమ్ సాల్ట్: 5 గ్రాములు.
- జింక్ సల్ఫేట్: 1 నుంచి 2 గ్రాములు.
- అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్: 2 నుంచి 3 గ్రాములు, దానితోపాటు నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, 1 గ్రాము.
- వెలిగారం, అంటే బొరాక్స్: 1 గ్రాము, అంతకు మించి వద్దు. బోరాన్‌కు చాలినంతకీ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ.

ఒక గ్రాము తూచడానికి మీ కాటా సరిపోకపోతే 10 గ్రాములు లీటరు నీటిలో కరిగించి, అందులోంచి 100 మి.లీ. తీసుకోండి. అందులో సరిగ్గా 1 గ్రాము ఉంటుంది. మిగిలినది పేరు, తేదీ రాసి పిల్లలకు అందని చోట పెట్టండి. అన్నభేదిని మాత్రం ఇలా నిల్వ చేయొద్దు, ఎందుకో మూడో మెట్టులో చెబుతాను.

మెట్లు

1. ముందు రోజు సాయంత్రం మొక్కకు నీళ్ళు, ఆకుకు స్నానం. వాడిన మొక్కకు మందు కొట్టకండి. దాహంతో ఉన్న ఆకు ముడుచుకుని ఉంటుంది, పైగా నీటి కొరతలో పెరిగిన ఆకుకు మైనం మందంగా పేరుకుంటుంది. కుండీ తడిపి, ఆకులను పైనా కిందా మంచినీళ్ళతో కడగండి.

విశాఖలో ఈ స్నానం తప్పనిసరి. లాసన్స్ బే, పెదవాల్తేరు, రుషికొండ వైపు ఉన్నవాళ్ళు ఒకసారి తడిగుడ్డతో ఆకు తుడిచి చూడండి, దుమ్ముతోపాటు బంకగా ఉప్పు కూడా వస్తుంది. సముద్రపు గాలి రోజూ మోసుకొచ్చే ఉప్పు అది. మనం కొట్టే మందు ఏ దారిన లోపలికి పోతుందో ఆ ఉప్పూ అదే దారిన పోతుంది. హుద్‌హుద్ తుపాను (2014 అక్టోబరు 12) చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. గాలికి రాలకుండా చెట్టున మిగిలిన ఆకులు కూడా ఆ తర్వాత మంట తగిలినట్టు గోధుమరంగుకు తిరిగాయి. ఉప్పు పేరుకున్న ఆకు మీద ఎరువు కొట్టడమంటే ఉప్పు మీద ఉప్పు చల్లడమే.

2. నీళ్ళు చూసి తీసుకోండి. బోరు నీరు ఉప్పగా ఉంటే, బకెట్‌కు తెల్లటి చార కడుతుంటే ఆ నీరు వద్దు. కుళాయి నీరైతే రాత్రి బకెట్‌లో పట్టి మూత తీసి ఉంచండి. వాననీరు అన్నిటికన్నా మేలు. వాన లేనప్పుడు నేను ఏసీ గొట్టం నుంచి కారే నీటిని పట్టి, గుడ్డలో వడకట్టి వాడతాను. గాలిలోని ఆవిరి చల్లబడి కారిన నీరు కాబట్టి అందులో ఉప్పులు దాదాపు ఉండవు. మన ఊరి ఉక్కపోతలో రాత్రికి ఒక బకెట్ తేలిగ్గా నిండుతుంది.

3. ఒక్కసారికి ఒక్క మందే కలపండి. ముందు గ్లాసుడు నీటిలో పూర్తిగా కరిగించి, గుడ్డలో వడకట్టి, తర్వాత లీటరుకు పెంచండి. యూరియా కరుగుతున్నప్పుడు గ్లాసు చల్లగా తగులుతుంది, కంగారు పడకండి, అది దాని గుణం. మామూలు వేడికి వచ్చేదాకా ఆగి కొట్టండి.

అన్నభేదికి మాత్రం వరుస ముఖ్యం. ముందు నిమ్మ ఉప్పు నీటిలో కరగాలి, ఆ పుల్లటి నీటిలో అన్నభేది వేయాలి. మంచి అన్నభేది లేత ఆకుపచ్చగా, పటికబెల్లం పలుకుల్లా ఉంటుంది. పొడిగా మారి పసుపు, ఇటుక రంగు తిరిగిందంటే గాలి తగిలి చెడిపోయినట్టు. కలిపిన నీళ్ళు కూడా లేత ఆకుపచ్చగా ఉండాలి. తుప్పు రంగు తిరుగుతుంటే ఆ ఇనుము ఆకులోకి పోయే స్థితిలో లేదు, మందు కింద పారబోయడమే. అందుకే కలిపిన పూటే వాడేయాలి. ఇంకో మాట, డాబాకు తెల్లరంగు వేయించుకున్నవాళ్ళు కింద పాత సంచి పరవండి. ఇనుము మరక పడిందంటే మళ్ళీ పోదు.

కలపకూడని జంటలు గుర్తుపెట్టుకోండి. కాల్షియం నైట్రేట్‌తో ఎప్సమ్ సాల్ట్ కలిపితే సుద్దలా తెల్లగా గడ్డకడుతుంది. జింక్ సల్ఫేట్‌తో భాస్వరం ఉన్న ఎరువు కలపకూడదు. అన్నభేదితో వెలిగారం కలపకూడదు. డబ్బాలో అడుగున దిగినది నాజిల్‌ను మూస్తుంది తప్ప ఆకులోకి పోదు.

ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతం, పంచగవ్య వాడేవాళ్ళు లీటరుకు జీవామృతం 100 మి.లీ., పంచగవ్య 30 మి.లీ. మించకుండా, రెండు పొరల పలుచని గుడ్డలో వడకట్టి వాడండి. మిగతా మెట్లన్నీ వాటికీ ఇవే.

4. జిగురు కలపండి. చుక్క దొర్లిపోకుండా ఆకు మీద పరుచుకోవాలంటే ఇది కావాలి. పురుగుమందుల షాపుల్లో స్టిక్కరు అని అడిగితే ఇస్తారు, సీసా మీద రాసిన కొలత దాటకండి. నేను వాడేది కుంకుడు రసం. నాలుగు కాయలు గింజ తీసి, గ్లాసు నీటిలో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే పిసికి వడకట్టండి. లీటరు మందుకు అందులోంచి 20 మి.లీ. చాలు. బట్టల సబ్బు, డిటర్జెంట్ పొడి వద్దు. వాటిలోని క్షారం లేత ఆకును దెబ్బతీస్తుంది, కాస్త కఠినజలం తగిలినా సబ్బు విరిగి తెట్టులా తేలుతుంది. కుంకుడుకు ఆ బాధ లేదు.

జిగురు ఎక్కువైతే ఇంకా మంచిదని పోయకండి. ఆకు మైనం మీద అది కూడా పనిచేస్తుంది, నురగ కారేంత పోస్తే ఆకు దెబ్బతింటుంది.

5. చుక్క పరీక్ష. కొట్టబోయే మొక్క ఆకునే ఒకదాన్ని అరచేతిలో సమంగా పట్టుకుని, సిరంజితో ఒక్క చుక్క వేయండి. పక్కనుంచి కళ్ళ ఎత్తులో చూడండి. చుక్క గుండ్రంగా నిలబడితే జిగురు చాలలేదు. అప్పడంలా పరుచుకుని, చూస్తుండగా అంచులు జరుగుతుంటే సరిపోయింది. ఒకే డాబా మీద కూడా మొక్కమొక్కకూ తేడా ఉంటుంది. మందార ఆకుకు చాలినది క్యాబేజీకి చాలదు. వంగ ఆకు మీది నూగు చుక్కను పైనే పట్టి నిలబెడుతుంది, దానికి కాస్త ఎక్కువ పడుతుంది.

6. మూడాకుల పరీక్ష. కొత్త మందు గానీ కొత్త మొక్క గానీ అయితే ముందు మూడంటే మూడే ఆకులకు కొట్టి, కాడకు దారం కట్టి, రెండు రోజులు ఆగండి. మాడలేదంటే మిగతా మొక్కకు వెళ్ళండి. ఈ మెట్టు దాటేయాలనే అందరికీ అనిపిస్తుంది. ఒక మే నెలలో నేనూ దాటేశాను. షాపులో ఒకాయన "లీటరుకు నాలుగు చెంచాలు వేసేయండి, ఏం కాదు" అన్న మాట విని, యూరియాను తూచకుండా వేసి, పొద్దున్న పదింటికి పన్నెండు టమాటా మొక్కలకు కొట్టాను. సాయంత్రానికి ప్రతి ఆకు కొన దగ్గరా, చుక్క జారి ఆగిన చోట, కాగితాన్ని నిప్పుకు చూపించినట్టు అర్ధచంద్రాకారంలో మచ్చలు. అప్పుడే పిందె పడుతున్న మొక్కలవి. నాలుగు మాత్రం తేరుకున్నాయి.

7. సమయం. విశాఖలో ఎండాకాలం తెల్లవారుజామున ఐదున్నరకు వెలుగు వచ్చేసి ఉంటుంది. ఐదున్నర నుంచి ఆరున్నర లోపు కొట్టేయండి. అప్పుడు గాలి పెద్దగా ఉండదు, గాలిలో తేమ నిండా ఉంటుంది. పొద్దెక్కి సముద్రపు గాలి అందుకుందంటే సగం మందు పక్కింటి డాబా మీదికి పోతుంది, మిగతా సగం నిమిషాల్లో ఆరిపోతుంది. అన్నట్టు, పక్క డాబా మీద వడియాలో, ఉతికిన బట్టలో ఆరేసి ఉంటే "పిన్నిగారూ, మందు కొడుతున్నాను, కాస్త తీసుకుంటారా" అని ముందే ఒక మాట చెప్పండి.

డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఆకు మీద మంచు ఉంటుంది. అప్పటికే నీళ్ళు నిండిన ఆకు మీద కొడితే మందు పలుచబడి కారిపోతుంది. ఆ రోజుల్లో సాయంత్రం నాలుగున్నరకు కొట్టండి. ఆ రాత్రి కురిసే మంచు, ఆరిన మందును మళ్ళీ కరిగించి ఆకుకు రెండోసారి తాగిస్తుంది. అయితే బీర, కాకర, దోస మొక్కలకు బూజు తెగులు ఉంటే రాత్రంతా తడి ఉంచడం ప్రమాదం. వాటికి పొద్దున, మంచు ఆరిన వెంటనే కొట్టండి.

ఆకాశం మబ్బుగా ఉండి వాన పడని రోజు దొరికితే వదలకండి, పిచికారీకి అంతకన్నా మంచి రోజు లేదు. వాన సూచన ఉంటే మాత్రం వాయిదా వేయండి. యూరియాకు నాలుగైదు గంటల వ్యవధి దొరికినా చాలావరకు లోపలికి పోతుంది, మిగతావి నెమ్మది. కొట్టిన గంటకే వాన కడిగేసిందని అదే రోజు మళ్ళీ కొట్టొద్దు. వారం ఆగండి.

వేపనూనె సంగతి ఇక్కడే చెప్పేస్తాను. దాని పని ఎక్కువగా ఆకు పైన, పురుగు ఒంటి మీద. అది తడిగా ఎక్కువసేపు ఉండాలన్న నియమం దానికి లేదు, ఎండ తగలకూడదన్న నియమం ఉంది. అందుకే ఏ కాలమైనా సాయంత్రమే, లీటరుకు 5 మి.లీ., కుంకుడు రసంలో బాగా గిలకొట్టి కలిపి కొట్టాలి. పోషకంతో కలిపి కొట్టకండి. గంధకం కొట్టిన మొక్కకు రెండు మూడు వారాల దాకా ఏ నూనే వద్దు, ఆకులు కాలిపోతాయి.

8. కొట్టడం. నాజిల్‌ను సన్నని మంచులా తిప్పి, ఆకుకు జానెడు దూరం నుంచి, కింది నుంచి పైకి ముందు అడుగుభాగం తడపండి. తర్వాత పైభాగం. ఆకంతా మెరవాలి, కొన నుంచి చుక్క కారకూడదు. కారడం మొదలైందంటే మందు ఆకు కొనకు చేరి చిక్కబడుతుంది, మాడేది అక్కడే. అడుగున్నర ఎత్తు మొక్కకు 40 నుంచి 60 మి.లీ. సరిపోతుంది. ఒక్క మొక్కకే పావు లీటరు పట్టిందంటే చెయ్యి ఎక్కువసేపు ఆగుతోందన్నమాట.

ఏ ఆకుకు కొట్టాలన్నదీ చూడాలి. పూర్తిగా విచ్చుకుని ఇంకా లేతదనం పోని ఆకు బాగా తాగుతుంది. చిట్టచివరి మొగ్గ, ముడుచుకున్న చిగురు తొందరగా కాలుతుంది, వాటి మీద చెయ్యి ఆపకండి. కింద ముదిరిపోయిన ఆకుకు మైనం మందం, దాని మీద కొట్టడం వృథా.

9. తర్వాత. మర్నాడు అదే వేళకు ఆకుల మీద మంచినీళ్ళు మంచులా ఒక్కసారి పట్టించండి. కడగడం కాదు, తడి తగిలించడం అంతే. ఆకు మీద ఆరిపోయి మిగిలిన ఉప్పు మళ్ళీ కరిగి, ఇంకొంత లోపలికి పోతుంది. పొటాషియం సల్ఫేట్ లాంటివి ఆరితే గాలిలో తేమకు మళ్ళీ కరగడం కష్టం, వాటికి ఈ రెండో తడి చాలా ముఖ్యం. స్ప్రేయరును మూడుసార్లు కడిగి, నాజిల్ విప్పి ఆరబెట్టండి.

తోటకూర, పాలకూర, మెంతికూర లాంటి ఆకుకూరలకు పిచికారీ చేస్తే వారం దాకా కోయకండి, కోశాక బాగా కడగండి. ఆకుకూరలకు నేనసలు పైనుంచి ఎరువు కొట్టను, వేరుకు పోసేది చాలు.

లోపలికి పోయిందో లేదో తెలిసేదెలా

"మల్లి చిగుర్లు పాలిపోయాయండీ, ఏ మందు కొట్టాలి?" అన్నది నాకు అందరికన్నా ఎక్కువ వచ్చే ప్రశ్న. ఊహించి డబ్బులు పోసేకంటే కుంచె పరీక్ష చేయండి. కొత్త ఆకు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము లోపమని అనుమానం. లీటరులో కాదు, అరకప్పు నీటిలో అదే పాళ్ళలో అన్నభేది, నిమ్మ ఉప్పు కలపండి. అలాంటి ఆకును ఒకదాన్ని ఎంచుకుని, నడిమి ఈనెకు ఎడమవైపు సగానికి మాత్రమే కుంచెతో అడుగునా పైనా పూయండి. కుడివైపు ముట్టుకోకండి. కాడకు దారం కట్టండి.

ఐదు నుంచి ఏడు రోజుల్లో ఎడమ సగం ఆకుపచ్చబడి, కుడి సగం పసుపుగానే మిగిలితే లోపం ఇనుమే, మీరు కలిపిన మందూ సరైనదే. ఇనుము పడిన చోటు నుంచి పెద్దగా కదలదు కాబట్టి ఆ గీత అంత స్పష్టంగా కనిపిస్తుంది. అరచేతి మీద పెట్టుకుని చూస్తే ఒకే ఆకు రెండు మొక్కలదిలా ఉంటుంది. మొదటిసారి మా ఇంటి మల్లి మీద అది చూసినప్పుడు కుండీ దగ్గరే చాలాసేపు కూర్చుండిపోయాను. ఏ మార్పూ రాకపోతే మెగ్నీషియంతో, జింకుతో వేరువేరు ఆకులకు ఇదే పరీక్ష చేయండి.

మొత్తం మొక్కకు ఇనుము కొట్టాక ఆకులు చుక్కలు చుక్కలుగా ఆకుపచ్చబడితే మందు పనిచేసినట్టే, మీ నాజిల్ పని చేయలేదు. చుక్క పడిన చోటే ఆకు కోలుకుంది. వచ్చేసారి ఇంకా సన్నగా, జిగురు సరిచూసి కొట్టండి.

నత్రజని, పొటాషియం, మెగ్నీషియం లోపల తిరుగుతాయి. అందుకే వాటి లోపం ముందు కింది ముదురు ఆకుల్లో కనిపిస్తుంది, ఆకుకు కొట్టినది కొత్త చిగుర్లకూ అందుతుంది. యూరియా తేడా నాలుగైదు రోజుల్లో కంటికి తెలుస్తుంది. కాల్షియం మాత్రం ఆకు నుంచి కాయకు వెళ్ళదు. టమాటా కాయ అడుగు నల్లబడుతుంటే ఆకుల మీద కాల్షియం ఎంత కొట్టినా ప్రయోజనం ఉండదు. కుండీలో తడి ఒకరోజు వరద, ఒకరోజు కరువు కాకుండా చూడండి, అసలు మందు అదే.

నిజంగా మందు వల్లే బాగుపడిందా, వాతావరణం మారి బాగుపడిందా అన్నది తేల్చుకోవాలంటే ఒకే రకం మొక్కలు రెండు పెట్టుకోండి. ఒకదానికి మందు, ఇంకోదానికి అదే వేళకు కుంకుడు రసం కలిపిన ఉత్త నీళ్ళు. రెండూ ఒకేలా బాగుపడితే మీ మొక్కకు కావలసింది ఆకు స్నానమే. సముద్రం పక్క ఇళ్ళలో ఇది తరచూ జరుగుతుంది.

మాడితే ఏం చేయాలి

కొట్టిన గంటలోపే మోతాదు తప్పు తెలిస్తే వెంటనే మంచినీళ్ళతో ఆకు అడుగూ పైనా ధారాళంగా కడిగేయండి. మర్నాడు తెలిస్తే కడిగి ఉపయోగం తక్కువ, కుండీకి నీళ్ళు పెట్టి మూడు రోజులు నీడలోకి జరపండి. మాడిన ఆకులను అప్పుడే తుంచకండి, మిగిలిన ఆకుపచ్చ భాగం మొక్కకు ఇంకా అన్నం వండుతూనే ఉంటుంది. కొత్త చిగురు వచ్చాక తీయొచ్చు. మాడిన మచ్చ ఎక్కడుందో చూస్తే కారణం తెలుస్తుంది. ఆకు కొనల్లో, అంచుల్లో ఉంటే మందు ఎక్కువై కారింది. ఆకంతా చిన్న చుక్కలుగా, చుట్టూ తెల్లని గీతతో ఉంటే ఎండలో ఆరిపోయింది. చిగుర్లు మాత్రమే మాడితే జిగురు ఎక్కువై ఉండొచ్చు, లేదా వాటి మీద చెయ్యి ఆగి ఉండొచ్చు.

వాన కడిగేస్తే తప్ప, పిచికారీకీ పిచికారీకీ మధ్య కనీసం పది రోజులు ఉంచండి. కుంచె పరీక్షలో లోపం తేలి, సరైన వేళకు మూడుసార్లు కొట్టినా కొత్త చిగుర్లు మళ్ళీ పాలిపోతూనే ఉంటే స్ప్రేయరు పక్కన పెట్టి కుండీ తిరగేయండి. అడుగు రంధ్రం మూసుకుని వేరు కుళ్ళుతూ ఉండొచ్చు, సిమెంటు రద్దు గానీ సున్నం గానీ మట్టిలో కలిసి ఉండొచ్చు, ఏళ్ళ తరబడి పోసిన బోరు నీటి ఉప్పు తెల్లగా పేరుకుని ఉండొచ్చు. అప్పుడు మట్టి మార్చి, కుళ్ళిన వేరు కత్తిరించి, మళ్ళీ నాటి, కొత్త చిగురు వేసేదాకా ఆకు మీద ఏ మందూ కొట్టకండి.